గోత్రం తెలియని బాక్సర్

ఆ రోజుల్లో గోడ ఖాళీగా ఉంటే మా ఇంట్లో ఎవరికీ తోచేది కాదు. కొత్త క్యాలెండరు వస్తే పాతదాన్ని తీసేవాళ్ళం కాదు, దాని మీదే తగిలించేవాళ్ళం. కింద ఉన్నది కూడా దేవుడే కదా, ఆయన్ని తీసుకెళ్ళి ఎక్కడ పడేస్తాం? అలా ఒక్కో మేకుకు ఆరేడుగురు దేవుళ్ళు సర్దుకుని వేలాడుతుండేవారు. ఇప్పుడు ఎవరింటికి వెళ్ళినా నున్నటి తెల్లగోడలు కనిపిస్తుంటే, వీళ్ళు కష్టం వచ్చినప్పుడు ఎవరి మొహం చూస్తారో పాపం అనుకుంటాను. నా కష్టంలో నేను చూసిన మొహం మాత్రం దేవుడిది కాదు. ఒక కన్ను వాచిపోయి, ఒంటి మీద అంగీ లేకుండా, చేతులకు ఎర్రటి గ్లౌజులు తొడుక్కున్న ఒక ఇంగ్లీషు సినిమా బాక్సర్‌ది. ఆయన్ని మా గోడ మీదికి పంపినందుకు దేవుడికి ఈ రోజుకీ దండం పెట్టుకుంటాను.

మాది జహీరాబాద్ నుంచి కోహీర్ వెళ్ళే దారిలో అల్లం పండించే ఇల్లు. నాకు పుట్టినప్పటి నుంచి ఉబ్బసం. బడిలో సుద్దముక్కల పొడి, బడి బయట హైవే మీద లారీల దుమ్ము. నేను బడికి వెళ్ళిన రోజుల కంటే దవాఖానకు వెళ్ళిన రోజులే ఎక్కువ కావడంతో బాపు నన్ను రెండో తరగతిలోనే మాన్పించాడు. అప్పటి నుంచి ఇల్లే బడి. తెలుగు అమ్మ చెప్పేది, లెక్కలు బాపు చెప్పేవాడు. బాపు లెక్కలన్నీ చేను దాటి బయటికి రావు. త్రిభుజం అంటే ఏమిటని అడిగితే "మన మూల మడి లేదా? గదే" అన్నాడు. (త్రికోణమితి దాకా వచ్చేసరికి ఆ మడి కూడా నన్ను ఆదుకోలేకపోయింది.) పదిహేడేళ్ళప్పుడు ఓపెన్ స్కూల్లో పదో తరగతి పరీక్షలు రాశాను. అన్నీ పోయినట్టే పోయి దక్కాయి, లెక్కలు తప్ప. అసలు లెక్కల పరీక్ష రోజున హాల్లోనే నాకు ఆయాసం వచ్చింది. బయట చెట్టు కింద మూడు గంటలు నిలబడ్డ బాపు, ఎగశ్వాసతో బయటికి వచ్చిన నన్ను చూశాడు. ఫలితం వచ్చిన రోజున ఒక్కటే మాట అన్నాడు. "సాలు బిడ్డా. ఇంట్ల సదువుకున్నవు, గది సాలు. పాణం కంటె పది పాసయ్యుడు ఎక్కువ గాదు."

ప్రేమతో అన్న మాటకు ఎదురు చెప్పడం ఎంత కష్టమో ఆడపిల్లలకు తెలుసు. కోపంతో అని ఉంటే నాలుగు రోజులు అన్నం మానేసేదాన్ని. కానీ నాకు పది కావాలి. అది ఉంటే ఇంటర్, ఆ పైన టీచర్ ట్రైనింగు, నాలాగా ఇంట్లో కూర్చున్న పిల్లలకు చదువు చెప్పడం. ఇదంతా నేను దేవుడితో తప్ప ఎవరితోనూ అనలేదు.

సరిగ్గా ఆ వారంలోనే మా అన్న ఆ బాక్సర్ పోస్టర్ తెచ్చాడు. అన్న అప్పుడు ట్రాక్టర్ల కంపెనీలో పని నేర్చుకుంటున్నాడు. చిరాగ్‌పల్లి దగ్గర ఎవరో క్యాసెట్ల దుకాణం ఎత్తేస్తూ, కావలసినవాళ్ళను పోస్టర్లు పట్టుకుపొమ్మన్నారట. మా నడిమింట్లో, దేవుడి గూడు పక్కన, పోయిన వానాకాలం చెమ్మకు సున్నం పెచ్చులూడిన చోటు ఒకటుంది. దాన్ని కప్పడానికి సరిపోతుందని అన్న కొలత చూసుకుని మరీ తెచ్చాడు. నాలుగు మూలలా మేకులు కొట్టాడు. మా నానమ్మ కళ్ళజోడు పెట్టుకుని వచ్చి చూసింది.

"దేవుని పక్కకు ఈ అంగి లేనోన్ని తెచ్చి వెట్టినవేందిరా?"

"దేవుళ్ళకు మాత్రం అంగీలున్నయా నానమ్మా?"

నానమ్మ గూట్లోకి చూసింది, మళ్ళీ పోస్టర్ వైపు చూసింది. దగ్గరికి వెళ్ళి "కన్ను జూడు ఎట్ల వాచిందో. జర పసుపన్న వెట్టేటోళ్ళు లేరా వీనికి?" అంది. అంతే, ఆయన మా ఇంటి మనిషి అయిపోయాడు.

"ఇది రెండో భాగం చెల్లె" అన్నాడు అన్న నాతో. "మొదటి దాంట్ల ఓడిపోతడు. అందరు ఇగ సాలు, ఇంట్ల కూసో అంటరు. మల్లొకసారి కొట్లాడుత అని లేస్తడు."

"మరి గెలుస్తడా?"

అన్న సుత్తి సర్దుతూ "గది నువ్వు పాసైనంక చెప్త" అన్నాడు.

ఆయనకీ ఎవరో సాలు అన్నారు! మరుసటి రోజు పొద్దున దీపం పెడుతూ, ఇంట్లో అందరి పేర్లూ చెప్పుకున్నాక, ఆయన్ని కూడా కలిపాను. పేరు తెలియదు కాబట్టి 'ఈ గోడ మీదాయన' అన్నాను. గోత్రం దగ్గర కాస్త తడబడ్డాను. అమెరికావాళ్ళకు గోత్రాలు ఉంటాయో లేదో, ఉన్నా ఎవరిని అడగాలి? చివరికి మా గోత్రమే ఇచ్చాను. ఆయనకు రెండోసారైనా గెలుపు, నాకు రెండోసారి పరీక్ష. రోజూ ఇద్దరికీ కలిపి ఒకే దండం.

దండంతో ఆగి ఉంటే బాగుండేది. కానీ ఆయన ఎదురుగా కూర్చుని సూత్రాలు చదువుతుంటే నా చేతులు ఊరికే ఉండేవి కావు. అదే గదిలో మూలన, వాన కోసం కాచుకుని ఉన్న విత్తనపు అల్లం బస్తాలు ఉండేవి. ఒకరోజు అందరూ చేనుకు వెళ్ళాక, అమ్మ పాతచీర పేలికలు పిడికిళ్ళకు చుట్టుకుని బస్తా ముందు నిలబడ్డాను. ఒక్కో సూత్రానికి ఒక్కో గుద్దు. సైన్ కు ఒకటి, కాస్ కు ఒకటి, ట్యాన్ దగ్గర ఎప్పుడూ తప్పుతాను కాబట్టి దానికి రెండు. నిజం చెబుతున్నాను, అట్లా చదివినవి నాకు ఈనాటికీ గుర్తే. మూడు వారాలు ఇలా రహస్యంగా సాగింది. నానమ్మ మాత్రం "ఈ పిల్ల చేతులు ఎప్పుడు జూసినా అల్లం వాసనొస్తున్నయి, వంటింట్లకు రానే రాదాయె" అని ఆశ్చర్యపోయేది.

ఆ తరువాత ఒక మధ్యాహ్నం, ట్యాన్ దగ్గరే, బస్తా కుట్టు పుటుక్కుమని విడిపోయింది. విత్తనపు అల్లమంతా నడిమింట్లో పరుచుకుంది. కొమ్ములు నలిగితే మొలక రాదు, ఏడాది పంట దాని మీదే. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఏరుతుంటే గుమ్మంలో బాపు నిలబడి ఉన్నాడు. నా చేతులకు పేలికలు, జుట్టు నిండా దుమ్ము, వెనకాల గోడ మీద అదే వేషంలో ఆయన.

"అల్లం మీద గింత పగ వట్టినవేంది బిడ్డా?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అల్లం మీద గాదు బాపూ, లెక్కల మీద. నేను మల్ల రాస్త."

బాపు నా పక్కన కూర్చుని ఒక్కో కొమ్మూ చూసి, నలిగినవి ఒక పక్కకు, మంచివి ఒక పక్కకు వేయడం మొదలుపెట్టాడు. ఏరుతూనే అడిగాడు. "ఎన్ని దినాల సంది గుద్దుతున్నవు?"

"మూడు వారాల సంది."

"ఇంత దుమ్ముల? ఆయాసం రాలేదా?"

"రాలేదు బాపూ."

(కొంచెం వచ్చింది. రెండు సార్లు. ఆ అబద్ధాన్ని దేవుడు క్షమించాడనే నా నమ్మకం, ఎందుకంటే అది చెప్పేటప్పుడు నాకు మాట తొట్రుపడలేదు.) బాపు తలెత్తి పోస్టర్ వైపు కాసేపు చూశాడు. "వానికెవ్వలు సంతకం వెట్టిన్రో" అని గొణిగి, "పరీక్ష ఫారం తెమ్మని చెప్పు మీ అన్నకు, నేను సంతకం వెడత" అంటూ లేచాడు. నలిగిన అల్లమంతా ఆ నెల మా ఇంట్లో పచ్చడి అయింది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. వాళ్ళందరికీ నేను రుణపడి ఉన్నాను.

పరీక్ష దసరా తరువాత పడింది. ఆయుధపూజ రోజున మా నానమ్మ చేతికి కుంకుమ భరిణె ఇస్తే ఇంట్లో బొట్టు లేని వస్తువు మిగలదు. పారలు, కొడవళ్ళు, అన్న బైకు, కుట్టుమిషను, మిక్సీ, నా కంపాసు పెట్టె అన్నీ అయ్యాక, పోస్టర్ ముందు ఆగింది. "పాపం వీని పనిముట్లు గివే గదా" అంటూ రెండు గ్లౌజులకూ పసుపు రాసి, మీద కుంకుమ బొట్లు పెట్టింది. సాయంత్రం జమ్మి ఆకు తెచ్చి ఆయన గ్లౌజు పక్కన, పోస్టర్ అంచుకూ గోడకూ మధ్య సందులో దోపింది. అన్న పడీ పడీ నవ్వాడు. నేను నవ్వలేదు. నాకు అది సరైన పనే అనిపించింది. పరీక్ష రోజున ఆ ఆకునే తీసి కంపాసు పెట్టెలో పెట్టుకున్నాను.

హాల్లో సగం పేపరు దాటాక ఛాతీ పట్టేసినట్టయింది. కళ్ళు మూసుకుని ఆయన కన్ను గుర్తు చేసుకున్నాను. అంత వాపుతో ఆయన నిలబడ్డాడు. నెమ్మదిగా ఊపిరి తీసుకుని, ఎడమచేతి పిడికిలి బిగించి, బల్ల మీద చిన్నగా ఒక్కో సూత్రం గుద్దుకుంటూ రాయసాగాను. ట్యాన్ దగ్గర రెండు. కాపలా సారు వచ్చి నిలబడ్డారు. ఆయనది కోస్తా వైపు. "ఏమ్మా, ఎవరి మీదమ్మా ఆ కోపం?"

"ఎవరి మీదా కాదు సార్. గుర్తు చేసుకుంటున్నాను."

"సరే, బల్ల జాగ్రత్త. అది గవర్నమెంటుది."

పాసయ్యాను. ఎన్ని మార్కులని అడగకండి, పాసయ్యాను. బాపు ఆ కాగితాన్ని పోస్టర్ కింద, దేవుడి గూడుకు దగ్గరగా మేకుకు గుచ్చాడు. నానమ్మ మాత్రం "పిల్ల గెల్చింది సరే, మరి వాడు గెల్చిండా?" అని అడిగింది. అందరం అన్న వైపు తిరిగాం. అన్న తల గోక్కున్నాడు. "నేను సినిమా జూస్తెగద! గా కథంత చెల్లె కోసం నేనే అల్లిన."

ఇన్నేళ్ళ తరువాత అదే నడిమింట్లో ఇప్పుడు పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. నానమ్మ లేదు, గ్లౌజుల మీద ఆమె పెట్టిన బొట్ల మరక ఉంది. పోయిన ఆదివారం మధ్యాహ్నం అన్న కూతురు ఫోను పట్టుకుని వచ్చింది. "అత్తా, ఆ సినిమా దొరికింది. సూద్దాం దా."

ఇద్దరం కూర్చున్నాం. చివరి పోటీ మొదలవుతుండగా నేను ఫోను ఆపించి లేచాను.

"యాడికి పోతున్నవ్?"

"దీపం పెట్టొస్త."

"అత్తా! గది నేను పుట్టకముందు తీసిన సినిమా. ఎవ్వలు గెలిచేది ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు మొక్కితె ఏమైతది?"

అది నాకు తెలియదా? అయినా వెలిగించాను. అందరి పేర్లూ చెప్పి, చివర గోడ మీదాయనకు మా గోత్రమే చెప్పాను. పేలికలు చుట్టుకున్న ఆ పదిహేడేళ్ళ పిల్ల పక్కన నిలబడి ఉన్నట్టే అనిపించింది, ఒళ్ళంతా అల్లం వాసనతో. తిరిగి వచ్చి కూర్చుని, "ఇప్పుడు పెట్టు" అన్నాను. మా మేనకోడలు ఫోను వైపు చూడకుండా నా ఎడమచేతి వైపు చూసి నవ్వుతోంది. చూసుకుంటే పిడికిలి బిగించి ఉంది.