స్పీడ్ బ్రేకర్ దగ్గర దిగే మనిషి

మా ఆయన కారులో నాతో మాట్లాడే మాట ఒక్కటే. "దిగు."

పిడుగురాళ్ల నుంచి నరసరావుపేట చేరేలోపు ఆ మాట ఏడెనిమిది సార్లు వినాలి. ఊరు రాగానే స్పీడ్ బ్రేకర్ కనపడుతుంది. బండి ఆపుతాడు, నావైపు చూడకుండానే "దిగు" అంటాడు, నేను దిగుతాను. కారు ఏటవాలుగా తిరిగి, ఒక్కో చక్రాన్నీ పసిబిడ్డను దింపినట్టు దింపుకుంటూ గడ్డ దాటుతుంది. వెనకాలే నేను నడుచుకుంటూ వెళ్లి మళ్లీ ఎక్కుతాను. నేను దిగితే కారు రెండు వేళ్ల ఎత్తు లేస్తుందట. యాభై ఆరేళ్లొచ్చాక, మోకాళ్లు రెండూ అరిగిపోయాక, ఊరూరా రోడ్డు మీద నిలబడి నా బరువు ఇంతని చాటుకోవాల్సి వచ్చింది.

మాకు సున్నం బట్టీ ఉంది. ముప్పై ఏళ్లు తెల్లదుమ్ము మింగి సంపాదించిన డబ్బుతో మా ఆయన ఈ ఫారిన్ కారు కొన్నాడు. రేసు కార్ల జాతిదట, కాకపోతే నాలుగు తలుపులుంటాయి. కొనొద్దని నేను అనలేదు. కష్టపడ్డాడు, ముచ్చటపడ్డాడు, కొనుక్కున్నాడు. నాకు రోత పుట్టించింది ఆ తర్వాతి సంసారం.

ముందు దాని రంగు సంగతి చెప్పాలి. నలుపు. ఊరంతా సున్నం ఎగిరే పిడుగురాళ్లలో నల్ల కారు. తెల్లారేసరికి ఒళ్లంతా విభూతి పూసుకుని కూర్చునేది. పనివాడు తెలియక నీళ్లు కొట్టాడు. సున్నం మీద నీళ్లు పడితే ఏమవుతుందో బట్టీ ఇళ్లలో పసిపిల్లలకు కూడా తెలుసు. తెల్లటి మరకలు పట్టుకుపోయాయి. షోరూం వాళ్లు బండిని విజయవాడ తీసుకురమ్మన్నారు. నేను గిన్నెడు చింతపండు నానబెట్టి, ఆ పులుసులో మెత్తటి గుడ్డ ముంచి, ఇత్తడి బిందె తోమినట్టు తుడిచాను. మరకలు పోయాయి. పోయినందుకు సంతోషించాల్సిన మనిషి, ఆ కారుకు చింతపండు పూశానని నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

అందులో కూర్చోవడం అంటే పడటమే. ముందు నడుము పడేసి, తర్వాత కాళ్లు ఒక్కొక్కటిగా లోపలికి లాక్కోవాలి. లేచేటప్పుడు తలుపు పట్టుకుని దేవుణ్ణి తలుచుకోవాలి. పట్టుచీరతో ఆ పని చేసిన ఆడదానికే ఆ బాధ తెలుస్తుంది. ఇంత డబ్బు పోసిన బండికి స్టెప్నీ లేదు. పాత జీపుకు వెనక వేలాడుతూ ఒకటుండేది, ఎక్కడ పంక్చరైనా అరగంటలో బయలుదేరేవాళ్లం. ఈ మహారాజుకు శావల్యాపురం దగ్గర ఒక గుంతలో టైరు పగిలితే, ఆ కొలత టైరు హైదరాబాద్ నుంచి వచ్చేదాకా నాలుగు రోజులు రోడ్డు పక్కన పట్టా కప్పుకుని పడుకున్నాడు. కాపలాకు మనిషి, ఆ మనిషికి క్యారేజీ. ఆ క్యారేజీ కట్టింది నేనే.

ఇక ఎలుకలు. షెడ్డులో మిరపకాయల బస్తాలున్నాయి, వాటి జోలికి పోవు. కారులో వైర్లు మాత్రం వాటికి జంతికల్లా కనపడ్డాయి. గేదె పక్కగా నడిచినా కారు గీ పెడుతుంది. లోపల ఒకావిడ ఇంగ్లీషులో దారి చెబుతుంది. ఒకసారి ఆవిడ మాట విని కంది చేలోకి వెళ్లబోయాం. పేరు గొప్ప ఊరు దిబ్బ అని మా అమ్మ ఎవర్ని చూసి అనేదో గానీ, నేను మాత్రం దీన్ని చూసే అనుకుంటాను.

ఇదే రకం కారు నరసరావుపేటలో ఒక పత్తి మిల్లు ఓనరుకు ఉంది. ఇద్దరికీ స్నేహం కుదిరింది. షుగరున్న వాళ్లు ఇద్దరు కలిస్తే ఎలా మాట్లాడుకుంటారో అలా మాట్లాడుకుంటారు.

"అన్నా, నీకు ముందు చక్రం కాడ టకటకమని వస్తందా?"

"నాకు వెనకమాల వస్తంది. చలికాలం మరీ ఎక్కువ."

నా మోకాళ్లకు మందేమన్నా వాడుతున్నావా అని ఒక్కనాడూ అడగని మనిషి, ఆయన కారు కీళ్ల నొప్పులు గంటసేపు వింటాడు. స్పీడ్ బ్రేకర్ల దగ్గర మనుషుల్ని దించి పోనియ్యమని చెప్పింది కూడా ఆ మహానుభావుడే. ఆయన మాత్రం ఎప్పుడూ ఒక్కడే తిరుగుతాడట.

ఇంకొకటి మరిచాను. నేను దిగేటప్పుడు హ్యాండ్‌బ్యాగు సీట్లో పెట్టి దిగేదాన్ని. ఆ బరువుకు మనిషనుకుని, బెల్టు పెట్టలేదని కారు చెవులు చిల్లులు పడేలా మోగేది. మా ఆయనకు చిరాకు. "బ్యాగుకు బెల్టేసి దిగవే" అన్నాడు. అప్పట్నుంచి నేను రోడ్డు మీద నిలబడేదాన్ని, నా బ్యాగు బెల్టు పెట్టుకుని ఏసీలో గడ్డ దాటేది.

దారిలో ఒక ఊళ్లో స్పీడ్ బ్రేకర్ పక్కనే ఒకామె పునుగుల బండి ఉంది. మొదట్లో నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. నాలుగైదు సార్లు చూశాక నవ్వడం మానేసింది. "మళ్లీ దించాడా అక్కా?" అని పలకరించేది. ఆ మాటలో జాలి ఉండేది. ఆమె నవ్వినప్పుడే నాకు నయంగా ఉండేది.

పోయిన మాఘమాసంలో మా తమ్ముడి కూతురికి నరసరావుపేటలో నిశ్చితార్థం. ఆ పిల్లకు మేనత్తను నేనొక్కదాన్నే. మా పుట్టింట్లో ముహూర్తానికి పిల్లకు మొదటి బొట్టు మేనత్తే పెట్టాలి, ఆ తర్వాతే ఎవరైనా. పది ఇరవైకి ముహూర్తం. "అక్కా, నువ్వు రాకపోతే ఏదీ మొదలవదు. ఆ కారుతో పెట్టుకోకుండా కాస్త ముందే బయలుదేరండి" అని తమ్ముడు ముందురోజే రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎనిమిదింటికే బయలుదేరాం.

బయలుదేరిన కాసేపటికే మిల్లు ఆయన ఫోను. కారంతా ఆయన గొంతే. గేరు మారేటప్పుడు కుదుపు వస్తుందని ఆయన, ఆయిలు మార్పించమని ఈయన. నా ఫోను సైలెంట్లో, ఆ పక్కనే వైరు లేని చార్జింగు పలక మీద ఉంది. పునుగుల బండి ఊరొచ్చింది. ఆ రోజు "దిగు" అని కూడా అనలేదు, చేత్తో సైగ చేశాడు. బ్యాగుకు బెల్టేసి దిగాను.

కారు వంకరగా గడ్డ దాటింది. నేను నడుస్తున్నాను. కారు ఆగలేదు. ముందెక్కడో పక్కకు తీసి ఆపుతాడనుకున్నాను. మలుపు దాకా వెళ్లింది, మలుపు తిరిగింది, ఇక కనపడలేదు. పట్టుచీర కట్టుకుని, నగలు పెట్టుకుని, చేతిలో ఏమీ లేకుండా రోడ్డు మధ్యలో నిలబడిపోయాను. ఛీ అనిపించింది. ఆయన మీద కాదు, నా మీద. చెప్పగానే దిగడం నేర్చుకున్నందుకు.

పునుగులామె స్టూలు తెచ్చి వేసింది, తన ఫోను ఇచ్చింది. ఆయన నంబరు నాకు నోటికొచ్చు. చేశాను. వేరొకరితో మాట్లాడుతున్నారని ఫోనులో రికార్డు గొంతు చెప్పింది. మళ్లీ చేశాను. మూడోసారీ అదే మాట. టైము తొమ్మిది దాటింది.

"ఎక్కడి దాకా పోవాలక్కా?"

"పేటకి. మా తమ్ముడి కూతురికి బొట్టు పెట్టాలి. పదింటికల్లా ఉండకపోతే పరువు పోయిద్ది."

ఆమె రోడ్డుకు అడ్డం వెళ్లి, మిరపకోతకు వెళ్తున్న కూలీల ఆటోను ఆపింది. అప్పటికే పది మంది ఉన్నారు. "కాస్త సర్దుకోండే, ఈ అక్కను పేటలో దించిరావాల" అంది. ఒకామె తన క్యారేజీ ఒళ్లో పెట్టుకుని నాకు చోటిచ్చింది. నా చీర అంచు నలగకుండా ఇంకొకామె చేత్తో పైకి పట్టుకుంది. తర్వాతి స్పీడ్ బ్రేకర్ రాగానే అలవాటుకొద్దీ నా కాళ్లు దిగడానికి సిద్ధమయ్యాయి. ఆటోవాడు బ్రేకు మీద కాలే పెట్టలేదు. పదకొండు మందిమీ ఒక్కసారి గాలిలోకి లేచి, మళ్లీ ఎక్కడివాళ్లం అక్కడ పడ్డాం. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఎందుకు దిగిపోయావని అడిగితే చెప్పాను. ఒక ముసలామె అంతా విని, "మా ఆయన కూడా సైకిలు మీంచి దించేవోడమ్మా, మిట్ట వస్తే" అంది. కొంగు సర్దుకుని, "ఆయన కూడా దిగేవోడనుకో" అంది.

ఆ తర్వాత నాకు నవ్వు రాలేదు.

అవతలి ఊరు దాటాక నల్ల కారు ఎదురొచ్చింది. ఎక్కడో వెడల్పాటి చోటు దాకా పోయి బండి తిప్పుకుని, వెతుక్కుంటూ వెనక్కి వస్తున్నాడని అర్థమైంది. గుంతలు తప్పించుకుంటూ, రోడ్డు మీదే కళ్లు పెట్టుకుని నెమ్మదిగా వస్తున్నాడు. ఆటోవైపు చూడలేదు. ఒక్క కేక వేస్తే ఆగేవాడు. నేను వేయలేదు. ముహూర్తానికి ఆటోనే నయం.

కూలీలను చేను దగ్గర దింపి, ఆటోవాడు నన్ను ఫంక్షన్ హాలు గుమ్మం ముందు దించాడు. పది దాటి అయిదు నిమిషాలు. తమ్ముడు నన్నూ ఆటోనూ మార్చి మార్చి చూశాడు. చీర నిండా మిరపకాయల ఘాటు. నేను వంగి బొట్టు పెడుతుంటే మా పిల్ల తుమ్మింది. తుమ్మినా శుభమేనని పంతులు సర్దిచెప్పాడు.

మా ఆయన భోజనాల వేళకు వచ్చాడు. వచ్చీ రాగానే పదిమందిలో అదో జోకులాగా చెప్పాడు. "అవతల ఊరి స్పీడ్ బ్రేకర్ కాడ ఆపి దిగు అన్నాను. పలకదేందని చూస్తే సీట్లో బ్యాగు ఉంది." అందరూ పగలబడి నవ్వారు. నా చేతిలో అన్నం ముద్ద అలాగే ఉండిపోయింది. నేను లేనని ఆయనకు తెలిసింది, నన్ను మళ్లీ దించాల్సి వచ్చినప్పుడు. ఆ గడ్డ అక్కడ లేకపోతే నరసరావుపేట దాకా బ్యాగునే తీసుకెళ్లేవాడు.

వారం తర్వాత బస్సులో ఆ ఊరు వెళ్లాను. పునుగులామెకు నిశ్చితార్థం తాలూకు జాకెట్ ముక్క, పసుపు కుంకుమ ఇచ్చాను. ఆమె నాకు వేడి పునుగులు పెట్టింది. మా ఆయన తిరిగొచ్చినప్పుడు ఏమైందని అడిగాను. అడగకుండా ఉండాల్సింది, ఉండలేకపోయాను.

"వచ్చాడక్కా. గబగబా వచ్చాడేమో, గడ్డకి కారు అడుగు బరబరా రాసుకుంది."

నా కోసం అంత తొందరపడి వచ్చాడా అని ఒక్క క్షణం మనసు మెత్తబడింది. సిగ్గు లేదు మనసుకి.

"కంగారుగా దిగాడు. ఆడ రోడ్డు మీద మోకాళ్లేసి, కారు కిందికి తలపెట్టి చూశాడు. చెయ్యి పెట్టి తడిమాడు. చానాసేపు చూశాడక్కా. నేను పునుగులు ఒక వాయ తీశాను. తరవాత లేచి, ప్యాంటు దులుపుకుని, నిన్ను అడిగాడు."

పునుగులు చల్లారిపోయాయి. ఇంకో ప్లేటు పెడతానంటే వద్దన్నాను.

అప్పట్నుంచి నేను బస్సులోనే తిరుగుతున్నాను. ఎందుకని మా ఆయన ఒకసారి అడిగాడు. "కారుకు బరువు తగ్గిద్దిలే" అన్నాను. నిజమేనన్నట్టు తలూపాడు. ఆ ఊరి స్పీడ్ బ్రేకర్ మీద బస్సు ఎగిరినప్పుడల్లా నా మోకాలు కలుక్కుమంటుంది. కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. కానీ నన్ను దిగమనేవాళ్లు ఎవరూ లేరు.