గ్రీన్ లైట్ ఆగేదాకా లేవనివాడు

నిన్న పొద్దున ఫోన్ మోగితే స్క్రీన్ మీద ఓబులేసు పేరు.

ఎత్తగానే పాత అలవాటుగా "ఏమబ్బా, మళ్లా పాయెనా గేమ్ కార్డు?" అన్నాను.

అవతల వాళ్ల తమ్ముడు. "అన్న లేడన్నా" అన్నాడు.

యాడికి పోయినాడని అడిగాను. నాకు అర్థం కావడానికి అంతసేపు పట్టింది.

గుండెపోటంట. ఆస్పత్రికి తీసుకుపోయేలోపే అయిపోయిందంట.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ఓబులేసు, నేను పెనుకొండలో ఇంటర్ ఒకే బెంచి మీద చదివాం. చదివాం అనడం కొంచెం ఎక్కువే. బస్టాండ్ దగ్గర ఒక వీడియో గేమ్ షాపు ఉండేది. మా హాజరంతా అక్కడే.

అందులో ట్యాంకుల ఆట ఒకటి. ఇద్దరూ కలిసి కోటను కాపాడాలి. ఒకడు ముందుకు పోతే ఇంకొకడు వెనక కాపలా ఉండాలి. చివరి స్టేజ్ చూడకుండానే షాపు మూసేశారు.

తర్వాత వాడు ధర్మవరంలో ఇంట్లో మగ్గం ఎక్కాడు. కంప్యూటర్లో చీరల డిజైన్లు కూడా వేసేవాడు. నేను హిందూపురంలో ఉద్యోగానికి వచ్చాను.

కొన్నేళ్ల కిందట వాడు అరచేతిలో పట్టేంత బోర్డు కంప్యూటర్ ఒకటి కొన్నాడు. మెమరీ కార్డులో పాత గేమ్స్ అన్నీ ఎక్కించి, మగ్గాల గదిలో ఉన్న పాత టీవీకి తగిలించాడు. నాకు ఫోన్ చేసి, "మన కోట దొరికిందప్పా. నువ్వు ఎప్పుడొస్తాండావు?" అన్నాడు.

అప్పటినుంచి ఆదివారం వస్తే నాకు ధర్మవరమే.

కానీ ఆట ముందుకు సాగేది కాదు. కార్డు ఊరికే కరప్ట్ అయ్యేది. ఆన్ చేస్తే నల్లటి స్క్రీన్, తెల్లటి అక్షరాలు. సేవ్ చేసిందంతా పోయేది. మళ్లీ ఫస్ట్ స్టేజ్.

కార్డు డూప్లికేట్ ఏమో అని మంచిది కొన్నాం. ఛార్జర్ మార్చాం. వేడికి అనుకుని చిన్న ఫ్యాన్ పెట్టాం. వాడు దాన్ని గుడ్డలో చుట్టుకుని రైల్లో హిందూపురం తెచ్చాడు. మా ఇంట్లో పెడితే వారమంతా బంగారంలా పనిచేసింది. ధర్మవరం పోయిందో లేదో, మళ్లీ అదే కథ.

"దానికి మీ ఊరి నీళ్లు బాగ పడినట్టుండాయి. మా ఇంటికొస్తే సచ్చిపోతాంది" అన్నాడు.

ఇట్లా కాదని ఒక ఆదివారం పొద్దున్నే పోయి, దాని ముందే కూర్చున్నాను. మధ్యాహ్నం మంచి ఊపులో ఆడుతుండగా ఠక్కున కరెంట్ పోయింది. టీవీ, ఫ్యాన్, లైట్లు, అన్నీ.

ఓబులేసు తాపీగా లేచి, "రా, అమ్మ అన్నానికి పిలుస్తాంది" అన్నాడు.

నాకు పిలుపు వినపడలేదే?

విషయం ఏందంటే, మగ్గాల చప్పుడులో ఎంత అరిచినా ఎవరికీ వినపడదు. అందుకని వాళ్లమ్మ వంటింటి పక్కనున్న మెయిన్ ఆఫ్ చేస్తుంది. లైట్లు ఆరితే అన్నం రెడీ అని అర్థం. వాడు పుట్టినప్పటినుంచీ ఆ ఇంట్లో పిలుపంటే అదే.

వాడి వైపు అట్లే చూశాను. వాడూ నావైపు చూశాడు. "అయ్యో, ఇదాప్పా మన రోగం" అని నేల మీద కూలబడి నవ్వాడు.

కార్డు మీద సేవ్ అవుతున్నప్పుడు కరెంట్ పోతే కార్డు పాడవుతుంది. ఆ సంగతి నెట్లో మేమిద్దరం వందసార్లు చదివినవాళ్లమే.

అమ్మకు ఒక మాట చెప్తే సరిపోయేది. వాడు చెప్పనియ్యలేదు. "ఆయమ్మ పిల్చేది అట్లే పిల్చనీ. మనమే ఏమన్నా చేసుకుందాం" అన్నాడు.

బోర్డు వెనక ఒక బ్యాటరీ పెట్టాడు. కరెంట్ పోతే ఆటను సేవ్ చేసుకుని తనంతట తానే షట్‌డౌన్ అయ్యేలా చిన్న ప్రోగ్రామ్ రాశాడు. సేవ్ అయ్యేంతసేపు బోర్డు మీద గ్రీన్ లైట్ మినుకుతుంది. అది ఆగేదాకా వాడు లేచేవాడు కాదు, నన్ను లేవనిచ్చేవాడు కాదు. లోపల అన్నం చల్లారిపోతున్నా సరే.

ఆ తర్వాత మా సేవ్ ఎప్పుడూ పోలేదు. చివరి స్టేజ్ దగ్గరికి వచ్చాం.

మొన్న సాయంత్రం ఫోన్ చేసి, "దానికి ముందు స్టేజ్ నేను తీసిపెడతా. చివర్ది నువ్వొచ్చినాకనే" అన్నాడు.

నిన్న పొద్దున అదే ఆడుతూ ఛాతీ పట్టుకున్నాడంట.

సాగనంపి వచ్చేసరికి సాయంత్రమైంది. మగ్గాల గదిలో గోడకి ఆనుకుని కూర్చున్నాను. మగ్గాలన్నీ ఆగిపోయి ఉన్నాయి. ఆ ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. టీవీలో ఆట పాజ్‌లోనే ఉంది. పొద్దున్నుంచీ దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

పక్కింటివాళ్లు అన్నం వండి తెచ్చారు. తినమని ఎంత బతిమాలినా ఒక్కరూ కదల్లేదు. అమ్మ మెల్లగా లేచింది.

పోయి మెయిన్ ఆఫ్ చేసింది.

టీవీ ఆరిపోయింది. చీకట్లో గ్రీన్ లైట్ ఒక్కటే మినుకుతూ ఉంది. ఆ బ్యాటరీ పాతదైపోయిందని వాడే ఈ మధ్య అన్నాడు. వాడి చేత్తో ఆడిన చివరి ఆట అది. అదీ పోతుందేమోనని దాన్నే చూస్తూ కూర్చున్నాను.

మినికింది, మినికింది, ఆగింది.

సేవ్ అయింది.

అమ్మ గుమ్మంలో నిలబడి గదిలోకి చూస్తూనే ఉంది. నేను లేచి, ఆమె చెయ్యి పట్టుకుని అన్నం దగ్గరికి తీసుకుపోయాను.

తమ్ముడు ఆ బోర్డు, బ్యాటరీ నన్నే తీసుకుపొమ్మన్నాడు. ఒళ్లో పెట్టుకుని రైలెక్కాను. పెనుకొండలో బండి ఆగినప్పుడు, "అదిగో మన కాలేజీ" అందామని పక్కకు తిరిగాను. పక్కన ఎవరో తెలియనాయన నిద్రపోతున్నాడు.

ఇప్పుడది నా టేబుల్ మీద ఉంది. ఆన్ చేశాను. కార్డుకేం కాలేదు. అన్నట్టే ముందు స్టేజ్ వాడు తీసిపెట్టే పోయాడు. చివరి స్టేజ్ ముందు ఆగి, రెండో ప్లేయర్‌ని బటన్ నొక్కమంటోంది. ఈ ఊళ్లో ఆ మాట చెప్పుకోడానికి కూడా నాకు ఎవరూ లేరు.

చివర్ది నేను ఒక్కణ్ణే ఆడను ఓబులేసూ.

గ్రీన్ లైట్ ఆగిందప్పా. నేను చూశాను. ఇంక నువ్వు లేయొచ్చు.

నెమ్మదిగా పో. యాడున్నా ప్రశాంతంగా ఉండు.