ముఖానికి దారం లేదు

ఏ ఫొటో చేతికొచ్చినా ఇక్బాల్ బీ ముందు దాన్ని చూసేది కాదు. తన తెల్ల దుపట్టా కొంగును రెండు చేతులా చాపి పట్టుకుని కాసేపు దాన్నే చూసేది. అంతకుముందు చూసిన రంగులేవైనా కళ్లలో మిగిలి ఉంటే పోవాలని. పళ్లెం కడగకుండా అన్నం పెట్టుకుంటామా, అనేది. ఆ తర్వాతే ఫొటో వైపు తిరిగేది.

భువనగిరిలో ఆమె భర్త లియాఖత్ అలీకి స్టూడియో ఉండేది. ఎనభైల మొదట్లో అన్నీ నలుపు తెలుపు ఫొటోలే. రంగు కావాలన్నవాళ్ల ఫొటోలు సాయంత్రం సంచిలో ఇంటికి వచ్చేవి. వాకిలి పక్క గదిలో, కిటికీ కింద చాప మీద కూర్చుని ఇక్బాల్ బీ సన్న కుంచెతో వాటికి రంగులు వేసేది. ఆ మనుషుల్ని ఆమె చూసింది లేదు. వాళ్లు ఏ రంగు చీర కట్టుకుని దిగారో ఆమెకెలా తెలుస్తుంది? అందుకని ఒక పద్ధతి పెట్టింది. ఫొటో దిగినవాళ్లు తాము కట్టుకున్న బట్టలోంచి ఒక పోగు తీసి ఇచ్చిపోవాలి. లియాఖత్ అలీ దాన్ని ఫొటో వెనక గోధుమపిండి జిగురుతో అంటించి తెచ్చేవాడు. నేత ఇళ్ల వాళ్లు అడగకముందే ఇచ్చేవాళ్లు. మిగతావాళ్లు కొంగు చివర లాగుతూ సణిగేవాళ్లు. మీ బీబీకి రంగు తెలిసేసరికి మా ఒంటి మీద చీర మిగలదని ఒకామె అన్నదట. ఆ మాట ఇంట్లో చెప్పి లియాఖత్ అలీ చాలా రోజులు నవ్వాడు.

బట్టకు దారం ఉంది. ముఖానికి లేదు. ముఖం ఎలా ఉంటుందని ఆమె భర్తను అడిగేది. అతను కాసేపు ఆలోచించి, పల్లీ పొట్టు అనేవాడు. కొత్త కుండ అనేవాడు. ఒక్కోసారి, కాగి మీగడ కట్టిన పాలు. ఆమెకు అది చాలేది. పొట్టు పొట్టులాగా, కుండ కుండలాగా ముఖాలు కాగితం మీదికి వచ్చేవి. తమను ఎన్నడూ చూడని మనిషి వేసిన రంగని చెబితే ఊళ్లో ఎవరూ నమ్మేవాళ్లు కాదు.

తర్వాత రంగుల రీలు వచ్చింది. కడగడానికి సికింద్రాబాద్ పంపేవాళ్లు. కుంచెలు పెట్టెలోకి వెళ్లాయి.  మరికొన్నేళ్లకు లియాఖత్ అలీ పోయాడు. పిల్లలు లేరు. ఆమెను ఫుప్పీ, అంటే మేనత్తా అని పిలిచే తమ్ముడి కొడుకు మెహమూద్ వచ్చి ఆ ఇంట్లోనే ఉండి స్టూడియో చూసుకోసాగాడు.

తొంభై ఎనిమిదిలో మెహమూద్ కంప్యూటర్, స్కానర్, ప్రింటర్ తెచ్చాడు. దుకాణం రోడ్డు మీద ఉంది, దుమ్ము. అందుకని వాటిని ఇంట్లో, ఆ కిటికీ గదిలోనే పెట్టాడు. మొదట్లో ఏదీ సరిగా రాలేదు. తెర మీద ఒక రంగు, కాగితం మీద ఇంకొకటి. పెళ్లికూతురి ముఖం ఇటుకలా వచ్చింది. మెహమూద్ ఇంకును తిట్టాడు, కాగితాన్ని తిట్టాడు. వెనక చాప మీద వెల్లుల్లి ఒలుస్తున్న ఇక్బాల్ బీ తల ఎత్తి, ఎరుపు జర దించి చూడమంది. దించాడు. ముఖం ముఖమైంది.

ఆ రోజు నుంచి అతని పక్కన ఒక స్టూలు పడింది.

తెర మీద మూడు గీతలు ఉండేవి. ఒక్కో గీత మీద జరిపితే జరిగే చిన్న గుర్తు. ఒక గీతకు ఒక కొసన పసుపు, రెండో కొసన నీలం. ఇక్బాల్ బీకి ముందు అదొక్కటే తెలిసింది. తర్వాత మిగతా రెండూ తెలిశాయి. చీర చుట్టూ గీత గీసి చీర రంగు ఒక్కటే మార్చవచ్చని, ముఖం చుట్టూ గీసి ముఖం ఒక్కటే మార్చవచ్చని మెహమూద్ చూపించాడు. యంత్రం ఎలా నడుస్తుందో అతనికి తెలుసు. ఏ రంగు దగ్గర ఆగాలో ఆమెకు తెలుసు. ఇద్దరికీ పని కుదిరింది. ఆమె కొంగు చూసుకుని, తెర చూసి, కాగితం చూసి, ఇటు అటు అనేది. అతను జరిపేవాడు. సరే అని ఆమె నమాజుకు లేచేది. నమాజు అయ్యేలోపు ఫొటో బయటికి వచ్చి కవరులోకి వెళ్లేది.

మరుసటేడు ఎండాకాలం మొదట్లో ఆలేరు వైపు నుంచి సిద్దయ్య అనే నేతగాడు వచ్చాడు. అతని భార్య సుభద్రమ్మ చనిపోయి ఏడాది కావస్తోంది. వచ్చే ఆదివారం సంవత్సరీకం. పటం కట్టించడానికి ఇంట్లో ఆమె ఫొటో ఒక్కటే దొరికింది. ఎవరి పెళ్లిలోనో తీసింది, వరుసలో చివర పసుపు కుంకుమల పళ్లెం పట్టుకుని నిలబడింది. చెమ్మకు ఫొటో అంతా ఎర్రబారిపోయింది. ఆమె ఒక్కతినే పెద్దగా తీయాలి. రంగు సరిచేయాలి.

అతను జేబులోంచి కాగితపు మడత తీశాడు. అందులో ఒక పోగు ఉంది. ఆ చీర తాను నేసిందేనని చెప్పాడు. ఇక్బాల్ బీ పోగును వేళ్ల మీద వేసుకుని చూసింది. దారం తెచ్చేవాళ్లు ఇంకా ఉన్నారన్న సంతోషం ఆమె ముఖంలో కనబడింది. మరి మనిషి ముఖం ఎలా ఉండేదని అడిగింది. మంచిగుండేదన్నాడు సిద్దయ్య.  ఆమె గుచ్చి అడగలేదు.

రెండు రోజుల తర్వాత మెహమూద్ ఆ ఫొటో పనికి కూర్చున్నాడు. ముందు ఫొటో మొత్తం మీది ఎరుపు దించాడు. చీర అయింది. పోగును తెర పక్కన పట్టి, తర్వాత కాగితం పక్కన పట్టి ఆమె సరే అంది. ముఖం చుట్టూ గీత గీసేసరికి నల్లగొండ బస్సు వేళ అయింది. అక్కడ ఒక పెళ్లికి ఫొటోలు తీయడానికి ఒప్పుకున్నాడు. అచ్చు తాను వచ్చాక వేస్తానన్నాడు. ఆమె వినలేదు. గుర్తు జరపడం తనకు తెలుసు, అచ్చు వేయడానికి ఎక్కడ నొక్కాలో తెలుసు, పొమ్మంది. అతను గుమ్మం దగ్గర కాసేపు ఆగాడు. ఏదో అనబోయాడు. కెమెరా సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఇక్బాల్ బీ ఒక్కతే కూర్చుంది. కొంగు చూసుకుంది. తెర మీద ముఖం పచ్చగా, కామెర్లు తగిలినట్టు అనిపించింది. గుర్తును నీలం వైపు జరిపింది. ఇంకా జరిపింది. ముఖంలోకి గోధుమ రంగు వచ్చిందనిపించాక ఆపి నొక్కింది.

మర్నాడు సిద్దయ్య వచ్చాడు. ఫొటో తీసుకుని గడప దాకా వెళ్లి వెలుతురులో చూశాడు. చాలాసేపు చూశాడు.

"చీర గదేనమ్మా," అన్నాడు. "నేను నేసిన చీరనే."

ఆమె తల ఊపింది.

"ముఖమే... దవాఖానల ఆఖరుకు గిట్లయింది. నీలంగ. గా ముఖం నాకు మంచిగ యాదున్నది, పటం అక్కరలేదు. బతికున్నప్పటిది గావాలె."

గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఆమె వాదించేది. ఫొటో తీసుకుంది. కొంగు చూసుకుని ఫొటో చూసింది. నీలం ఎక్కడా లేదు. గోధుమ రంగు ముఖం, నిండుగా ఉంది.

"ఎండల నడిచొచ్చినవ్ సిద్దయ్యా. కండ్లు చెదిరినయేమో. జర కూసోని నీళ్లు తాగి చూడు."

సిద్దయ్య కూర్చున్నాడు. కూజాలోంచి నీళ్లు తాగాడు. మళ్లీ చూశాడు.

"నీళ్లు సల్లగున్నయమ్మా. ముఖం గట్లనే ఉన్నది."

అప్పుడే నల్లగొండ నుంచి మెహమూద్ వచ్చాడు. సంచి దించకుండానే ఫొటో అందుకున్నాడు. చూసి, బల్ల మీద బోర్లించి పెట్టాడు. అతను బోర్లించడం ఇక్బాల్ బీ చూసింది.

ఇంకు పాడైందా అని అడిగింది. ఇంకు బాగానే ఉందన్నాడు. కాగితం? కాగితమూ బాగానే ఉంది. మరేమిటంటే, అతను ఉర్దూలో ఏదో మొదలుపెట్టాడు. ఇంట్లో వాళ్ల మాట అదే. కానీ ఇంటికొచ్చిన మనిషి ముందు అతనికి తెలియని భాషలో మాట్లాడటం ఆమెకు నచ్చదు.

"తెలుగుల చెప్పు. ఆయన ఇంటి మనిషి ముచ్చటే కదా."

మెహమూద్ సంచి దించాడు.

"నీ దుపట్టా తెల్లగ లేదు ఫుప్పీ."

"నాకెరికే. రంజాన్ సంది గిట్లనే ఉన్నది, పచ్చగ, మాసినట్టు. బోరు నీళ్లు బాగలెవ్వు. ఎంత నీలిమందు పెట్టినా తెల్లగ అయితలేదు."

"పచ్చగ లేదు. నీలంగ ఉన్నది. ఉతికినప్పుడల్ల నువ్వు ఇంకింత పెడుతున్నవ్."

ఆమె సిద్దయ్య వైపు చూసింది. సిద్దయ్య నేల చూశాడు. కానీ అతను నూలుకు రంగులద్దే మనిషి. రంగు విషయంలో అబద్ధం నోటికి రాలేదు.

"నీలమేనమ్మా," అన్నాడు మెల్లగా. "జర ఎక్కువనే ఉన్నది."

ఇక్బాల్ బీ కొంగు చేతిలోకి తీసుకుంది. ఒక కన్ను మూసి చూసింది. ఆ కన్ను తెరిచి రెండోది మూసి చూసింది. రెండు కళ్లూ ఒకే మాట చెప్పాయి: పచ్చన.

ఇన్ని నెలలుగా ఎవరూ ఫొటో వాపసు తేలేదు కదా అంది. మెహమూద్ తెర వైపు చూశాడు. అప్పుడు ఆమెకు ఒకటి తట్టింది. తాను సరే అన్న వెంటనే అతను ఎన్నడూ నొక్కడు. నువ్వు నమాజు చేసుకుని రా ఫుప్పీ, అంటాడు.

"నేను లేచినంక మల్ల జరుపుతున్నవా?"

అతను తల ఊపాడు.

"అన్నిటికా?"

"అన్నిటికి."

"నాకు చెప్తే ఏమయితుండె?"

"స్టూలు మీద కూసోవనుకున్న."

 బయట బండి మీద కూరగాయలమ్మే మనిషి కేక వినిపించి, దూరమైపోయింది.

చీర ఎందుకు కుదిరిందో ఇక్బాల్ బీకి అర్థమైంది. పోగు కూడా అన్నిటినీ పసుపుగా చూపే ఆ కళ్లలోంచే వెళ్లింది, కాగితం మీది చీర కూడా. రెండూ ఒకేలా చెడి ఒకదానికొకటి సరిపోయాయి. ముఖానికి పక్కన పెట్టడానికి ఏమీ లేదు. ఆమె మనసులో ఉన్న రంగు ఒక్కటే ఉంది. కళ్లు దాని దాకా తీసుకుపోలేకపోయాయి. ఈ మనిషి ఏడాదిగా మరిచిపోవాలనుకుంటున్న ముఖాన్ని తాను మళ్లీ తయారుచేసి చేతికిచ్చింది. మెహమూద్ నెలల తరబడి చేసిన మోసం కంటే అదే ఆమెను ఎక్కువ కుదిపింది.

లేచి స్టూలును సిద్దయ్య వైపు జరిపింది.

"నువ్వు కూసో. నువ్వు చెప్పు, పిల్లగాడు జరుపుతడు."

నాకేం తెలుస్తదమ్మా అన్నాడు సిద్దయ్య. మనిషిని చూసినవాడివి నువ్వే అంది ఆమె. అతను స్టూలు అంచున కూర్చున్నాడు. ఆమె వెనక నిలబడింది. ఒకప్పుడు భర్తను అడిగినట్టే, మెల్లగా అడిగింది.

"ఎట్లుండె ముఖం? దేని తీరుగుండె?"

సిద్దయ్య ఈసారి ఆలోచించాడు. చేతులు తొడల మీద పెట్టుకుని, దేన్నో తడుముతున్నట్టు వేళ్లు కదిపాడు.

"కరక్కాయ నీళ్లల ముంచిన నూలు ఆరినంక ఎట్లుంటది? గట్ల. పొయ్యికాడికెళ్లి లేసొచ్చినప్పుడు జర ఎరుపు."

మెహమూద్ గుర్తును పసుపు వైపు జరిపాడు. చిన్న ముక్క మీద అచ్చు వేసి ఇచ్చాడు. ఇంకా జర అన్నాడు సిద్దయ్య. మరో ముక్క వేశాడు. ఇప్పుడు ఎరుపు ఎక్కువైందన్నాడు. తర్వాతి ముక్కను అతను కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. బొటనవేలు కాగితం అంచు మీద ఉండిపోయింది.

"ఇగ ఆపు బిడ్డా," అన్నాడు. "అన్నం తిన్నవా అని అడిగేటట్టున్నది."

పెద్ద కాగితం పెట్టి తీశారు. ప్రింటర్ మెల్లగా గీతలు గీతలుగా ముఖాన్ని బయటికి తెచ్చింది. ఇక్బాల్ బీ చూసింది. నలుగు పెట్టిన పెళ్లికూతురిలా పసుపు పులిమినట్టు ఉంది. ఆమె కంటికి అది ముమ్మాటికీ తప్పు. పసుపు దించమనే మాట నాలుక దాకా వచ్చింది. ఆ మాటను లోపలే పెట్టుకుంది. ఫొటోను తానే పాత పేపర్లో చుట్టి, సిద్దయ్య చేతికిచ్చింది. నీలంగా వచ్చిన మొదటి అచ్చును అతను అడగలేదు. ఆమె కూడా ఇవ్వలేదు.

అతను వెళ్లాక మెహమూద్ ఏదో చెప్పుకోవాలని చూశాడు. అన్నం తినమంది. తిన్నాడు. ఆ సాయంత్రానికి ఇవ్వాల్సిన ఫొటో ఇంకొకటి ఉంది. స్టూలు మీద కూర్చుంటావా అని అతను అడగలేకపోయాడు. ఆమె తనంతట వచ్చి కూర్చుంది. కొంగు చూసుకోలేదు. నువ్వే ఎక్కడ ఆపుతావో చూస్తానంది. అతను రెండుసార్లు తప్పు చోట ఆపి, మూడోసారి కుదిర్చాడు. కుదిరిందో లేదో ఆమెకు తెలియదు. అతను ఊపిరి వదలడం మాత్రం వినబడింది.

మర్నాడు పొద్దున్నే ఇక్బాల్ బీ బురఖా వేసుకుని, మెహమూద్‌ను దుకాణం తెరవమని పంపి, ఒక్కతే సర్కారు దవాఖానకు నడిచి వెళ్లింది. కళ్ల డాక్టర్ గది ముందు ఆడవాళ్ల వరుసలో నిలబడింది. కాంపౌండర్ పేరు అడిగాడు, వయసు అడిగాడు. ఏం పని చేస్తావని అడిగాడు. ఫొటోలకు రంగు చూస్త అంది. అతను తల ఎత్తి ఒకసారి చూసి, లోపలికి పొమ్మన్నాడు. గదిలో చీకటిగా ఉంది. డాక్టర్ చెప్పినట్టు గడ్డాన్ని యంత్రం మీద ఆనించి, రెప్ప వేయకుండా దీపంలోకి చూసింది.