అత్తయ్య మోకాళ్ళు, నా బహుమతి

నేను ఆర్థికశాస్త్రం చదివినదాన్ని. ఎడిన్‌బర్గ్‌లో పాఠాలు చెబుతూ, ఇన్నేళ్ళూ ఒక్క ప్రశ్న చుట్టూనే గానుగెద్దులా తిరిగాను. ఆపరేషన్లు తక్కువ, రోగులు ఎక్కువ అయినప్పుడు ముందు ఎవరికి చేయాలి? నా జవాబు చాలా మామూలుది. నొప్పి ఎంతుందో రోగి నోటితోనే చెప్పించాలి, బంధువుల మాట లెక్కలోకి తీసుకోకూడదు. వాళ్ళలో గొంతున్నవాళ్ళు, పలుకుబడి ఉన్నవాళ్ళు ఉంటారు. ఎవరూ లేనివాడు వెనకబడిపోతాడు. ఈ పనికే నాకు పెద్ద బహుమతి వచ్చింది, ఇక్కడి ఆసుపత్రి కూడా ఈ పద్ధతే పెట్టుకుంది. బహుమతి పట్టుకుని ఇంటికొచ్చిన రోజు మా అత్తయ్య గుమ్మంలోనే ఆపి ఉప్పుతో దిష్టి తీసింది.

ఆవిడ మోకాళ్ళు పూర్తిగా అరిగిపోయాయి. మా ఫ్లాట్ రెండో అంతస్తులో, లిఫ్టు లేదు. ఆవిడ కిందికి దిగడం మానేసింది. బాత్రూమ్‌కి గోడ పట్టుకుని వెళ్తూ, నేను వింటానేమోనని మూలుగు కూడా దిగమింగుకుంటుంది. ఆపరేషన్ అయితే తప్ప ఆ కాళ్ళు బాగుపడవు.

ఆసుపత్రి నర్సు ఫోన్ చేసేది సాయంత్రం పూటే. చలికాలం ఇక్కడ నాలుగింటికే సంధ్య. తెలుగు దుబాసీ కూడా లైన్లో ఉంటుంది. నొప్పి ఎలా ఉందని అడిగితే బాగానే ఉందంటుంది ఈవిడ. నడక కూడా బాగానే ఉందట. నా ఖర్మ! అలా అన్నందుకే ఒకసారి ఆపరేషన్ వంతు వెనక్కి పోయింది. ఈసారి ముందే బతిమాలాను, కోప్పడ్డాను కూడా.

“సంధ్యవేళ నోటితో చెడు అనకూడదమ్మా. తథాస్తు దేవతలు తిరుగుతుంటారు,” అంది.

ఫోన్ మోగింది. మళ్ళీ అదే పాట, బాగానే ఉంది. ఆగలేక లాక్కుని, ఆవిడ నడవలేకపోతోందని, నిద్ర కూడా లేదని చెప్పాను. నర్సు మర్యాదగా విని, రోగి చెప్పిందే రాసుకోవాలి, రూలు అదే, దాని ప్రకారం వంతు ఇంకా వెనక్కి జరుగుతుందంది. ఆ రూలు నాదేనని ఆ పిల్లకి తెలీదు. చెబితే పలుకుబడి వాడినట్టే. రూలు తప్పని ఇవాళ్టికీ అనలేను. థాంక్స్ చెప్పి పెట్టేశాను.

ఏమందమ్మా అని అడిగింది అత్తయ్య. ఆపరేషన్ ఇంకా వెనక్కి జరిగిందని చెప్పడానికి నోరు రాలేదు. కంగారు పడాల్సింది ఏమీ లేదన్నారని చెప్పాను.

“చూశావా? మంచి మాట అన్నాం, మంచే జరిగింది,” అని సంతోషంగా లేవబోయి, లేవలేక కూర్చుండిపోయింది.