ఎండకొక ఆఫీసు, వానకొక ఆఫీసు

ఒక్క మనిషి తన తెలివితో ఒక ఇంటిని ఎంతవరకు ఉడికించగలడో తెలుసుకోవాలంటే నన్ను అడగండి. గౌలిపురలో బాలమణమ్మ అనే పాలావిడ ఇంటిని నేను కుక్కర్ చేసి పెట్టాను. అదీ వాతావరణ మార్పు నుంచి కాపాడబోయి!

అప్పుడు నేను చాంద్రాయణగుట్టలోని ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో కొత్త కోఆర్డినేటర్‌ని. మెడలో ఐడీ కార్డు నిద్రలో కూడా తీసేవాణ్ణి కాదు. ఏటేటా ఎండలు ముదురుతున్నాయి, వానలు కుమ్మేస్తున్నాయి కదా. మిద్దెలకు ఎండ ఆపే తెల్లరంగు వేయిస్తామని విదేశీ దాతలు ముందుకొచ్చారు. వాన కారకుండా తారు వేయిస్తామని ప్రభుత్వం వారూ ముందుకొచ్చారు. ఇద్దరూ ఒకరి పని మీద ఒకరు పడకుండా చూడటమే నా ఉద్యోగం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత నవ్వడానికి పనికొస్తుంది.

మా రంగంలో ఒక అలవాటుంది. పెద్దలెవరొచ్చినా చూపించడానికి ఒక ఇల్లు సిద్ధంగా ఉంటుంది. మాకది బాలమణమ్మ ఇల్లు. చిక్కటి బర్రెపాల చాయ్ పోస్తుంది, అడిగిందానికి గలగలా జవాబు చెబుతుంది. "మొదట ఏ ఇల్లు?" అని దాతల మేడం అడిగితే బాలమణమ్మ ఇల్లన్నాను. తారు వేయించే ప్రభుత్వ ఇంజనీరు గారు అడిగినా అదే చెప్పాను. ఎండ ఫైలు వేరు, వాన ఫైలు వేరు అనుకున్నాను. రెండూ పడేది ఒకే మిద్దె మీదనన్న సంగతి, మీమీద ఒట్టు, నాకు తట్టలేదు.

ముందు తెల్లరంగు పడింది. బాలమణమ్మ మురిసిపోయింది.

"అర్ర మస్తు సల్లగైంది కొడకా! నా బిడ్డ బాలింత, శుక్రవారం పసిపోరనితోటి వస్తది. ఇగ ఫికర్ లేదు."

బుధవారం ఆమె ఫోన్.

"ఏంది కొడకా గిది? మొన్న తెల్లగ చేస్తిరి, ఇయ్యాల నల్లగ చేస్తిరి. రేపు పచ్చగ చేస్తరా?"

"నల్లగ ఎవలు చేసిండ్రమ్మా?"

"నీ పేరు చెప్పుకొనే వచ్చిండ్రు! అర్రల నిలవడొస్తలేదు. పసిపోరన్ని ఏడ పండవెట్టాలె?"

పరుగెత్తాను. ఆ గదిలో అడుగుపెట్టగానే చొక్కా వీపుకు అతుక్కుపోయింది. నల్లటి తారు మీద మే నెల ఎండ కదా మరి! భయంతో ఇంజనీరు గారికి ఫోన్ చేశాను.

"సార్, జర ఆ తారు తీపిస్తరా?"

"తీసుడేంది? నువ్వు చెప్పిన ఇంటికే ఏసినం. సుక్క కారితే అడుగు. ఎండ మా డిపార్ట్‌మెంట్ కాదు తమ్మీ!"

దాతల మేడం మరీ మర్యాదగా చెప్పింది.

"ఆ ఇంటికి వేసేశాం కదండీ. తారు మా ప్రాజెక్టులో లేదు. శుక్రవారం ఫొటోలకు వస్తున్నాం. తెల్లగానే ఉందిగా?"

"మల్లెపువ్వులా ఉంది మేడం" అనేశాను. ఈ నోటికి తారు పూయాలి.

ఇక దారి లేదు. పక్కింట్లో మిగిలిన రంగు డబ్బాలు తెచ్చుకుని, ఐడీ కార్డు విప్పి, బాలమణమ్మ భర్త లుంగీ కట్టి, తలకు తువ్వాలు చుట్టి మిద్దెక్కాను. పూసిన రంగులోంచి తారు గోధుమరంగు మరకలై పైకి తేలింది. మళ్లీ పూశాను. మళ్లీ తేలింది.

"ఆ మూల ఇడిసిపెట్టినవ్!" అని కింది నుంచి బాలమణమ్మ అజమాయిషీ.

శుక్రవారం పొద్దున్నే చివరి పూత వేస్తుండగా మేడం, ఇంజనీరు ఇద్దరూ ఒకేసారి మిద్దె మీద ఊడిపడ్డారు.

"కింద తారు, పైన తెలుపు! వానా ఆగుతుంది, ఎండా ఆగుతుంది!" అంది మేడం.

"ఇదంత మా ప్లానే మేడం. కోఆర్డినేషన్ అంటే గిట్లుండాలె!" అన్నాడు ఇంజనీరు.

నఖశిఖపర్యంతం రంగులో ఉన్న నన్ను ఇద్దరూ గుర్తుపట్టలేదు. "ఎండ చాలా కష్టంగా ఉందా అన్నా?" అని మేడం జాలిగా ఫొటో తీసింది. "చాలా" అన్నాను. ఆ ప్రాజెక్టు మొత్తంలో నేను చెప్పిన నిజం అదొక్కటే.

సాయంత్రం గదిలోకి తొంగిచూశాను. తల్లితో వచ్చిన పసివాడు నుదుట చెమట లేకుండా హాయిగా నిద్రపోతున్నాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కంట్లో రంగు పడిందన్నాను.

"పొద్దటి సంది రంగు ముట్టలే గదరా!" అంటూ బాలమణమ్మ చాయ్ చేతికిచ్చింది.

కొన్నాళ్లకు మా ఆఫీసుకు దాతల పోస్టర్ వచ్చింది. అందులో లుంగీలో నేను! కింద పెద్ద అక్షరాలు: 'గౌలిపుర వాతావరణ మార్పు బాధితుడు.' మా డైరెక్టర్ దాన్ని ఫ్రేము కట్టించి సరిగ్గా నా కుర్చీ వెనక తగిలించారు.

ఆ పోస్టర్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చాయ్ ఎంత చిక్కగా ఉన్నా ఎండనీ వాననీ వేర్వేరు ఫైళ్లలో పెట్టి ఒకే ఇంటికి పంపను. ప్రాణం పోయినా ఐడీ కార్డు లేకుండా మిద్దె ఎక్కను!