ఐసు పెట్టిన నెత్తురు

టైఫాయిడ్ బ్యాక్టీరియా తన ఒంటి పొరను చిన్న చిన్న బుడగలుగా విడుస్తుంది. ఆ బుడగలతోనే టీకా చేయాలని హైదరాబాదులో మా ల్యాబు ప్రయత్నం. మనుషులకు ఇచ్చే ముందు, మనుషుల నెత్తురులోంచి తీసిన రక్షణ కణాల మీద వాటిని వేసి చూస్తాం. కణాలు వాటిని శత్రువుగా గుర్తుపడితే టీకాకు ఆశ ఉన్నట్టు.

మా సారుకు ఆశ కన్నా ఫొటోలు ముఖ్యం. పల్లె జనం నెత్తురు కావాలన్నాడు. నేను గొప్పకు పోయి మా నారాయణఖేడ్ పేరు చెప్పాను. అక్కడ మా చిన్నమ్మ ఆశా వర్కరు. టైఫాయిడ్‌తో మంచం పట్టి లేచిన ఆడవాళ్ళను పత్తి ఏరే పని మానిపించి, పక్కనున్న కంగ్టి నుంచి కూడా ఆటోల్లో దవాఖానకు తెచ్చింది. సారు తెల్ల కోటు వేసుకుని కారు దిగాడు. ల్యాబులో ఆయన ఒంటి మీద ఆ కోటు నేనెన్నడూ చూడలేదు.

నెత్తురు తీసిన ట్యూబులు థర్మాకోల్ డబ్బాలో సర్ది, కాగితాల కోసం లోపలికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి డబ్బాకు టేపు వేసి ఉంది. సారు దాన్ని పట్టుకుని ఫొటో దిగుతున్నాడు.

హైదరాబాదులో విప్పితే ట్యూబుల మధ్య ఐసు ప్యాకెట్లు. టీకా మందు చల్లగా ఉండాలి గానీ, ఈ కణాల కోసం తీసిన నెత్తురు చల్లబడితే చెడుతుంది. చిన్నమ్మకు ఫోన్ చేశాను.

“గింత సదువు సదివి ఐసు మర్చిపోతే ఎట్ల బిడ్డా? నేనే పెట్టిన. మీ సారు గూడ చూసి మంచిగ చేసినవన్నడు.”

ఏళ్ళ తరబడి టీకా డబ్బా మోసిన మనిషి, ఆమెను ఏమనగలను? ఈ కణాల మీదే ప్రొఫెసరైన సారుకు ఆ మాత్రం తెలియలేదు.

కణాలు బుడగలకు కదల్లేదు. బాగున్న ఏ కణాన్నయినా రెచ్చగొట్టే మందు వేసినా కదల్లేదు; అంటే ఐసుకు కణాలే చెడ్డాయి. సారు మాత్రం, “పల్లెవాళ్ళలో రోగనిరోధక శక్తి తక్కువని రాద్దాం,” అన్నాడు. రోగంతో కొట్లాడి లేచి, ఎండలో పత్తి ఏరుతున్న వాళ్ళకు శక్తి తక్కువట. ఒళ్ళు మండింది. ఐసు సంగతి రాయాల్సిందేనన్నాను.

“ఎవరు పెట్టారని రాద్దాం, మీ చిన్నమ్మా?” అని నవ్వాడు.

“ఐసు వద్దని ఆమెకు చెప్పనిది నేను. నా పేరే రాయండి.”

వారం తర్వాత మళ్ళీ నెత్తురు అడగడానికి నారాయణఖేడ్‌లో బస్సు దిగాను. ఐసు ఎందుకు పెట్టకూడదో చిన్నమ్మకు చెప్పాను. ఆమెకేం అర్థమవుతుందిలే అని మొదటిసారి చెప్పలేదు. రెండు మాటల్లోనే అర్థమైంది.

“గీ ముచ్చట ఆనాడే చెప్తే, నీ నోట్లకెల్లి ముత్యాలు రాలుతుండెనా?” అంది.