బుల్లియ్య మేస్త్రీ లేచే బద్దలు

బర్మాలో రంగం రేవులో బుల్లియ్య మేస్త్రీ దించని సరుకు లేదు. బాయిలర్లు దించాడు, బియ్యం బస్తాల కొండలు ఎక్కించాడు, ఒకసారి సర్కసు ఏనుగును కూడా మోకు జారకుండా ఓడ దింపించాడు. వీధిబడిలో ఎక్కాలు పూర్తిగా పట్టుబడకముందే సముద్రం దాటి వచ్చినవాడు, దొర చేత భుజం తట్టించుకున్నాడు. ఈ సంగతులు అడగనివాళ్లకు టూకీగా చెప్పేవాడు; అడిగినవాళ్లకు మొదటినుంచీ చెప్పేవాడు. అంతటివాడి జాతకంలో లోటల్లా ఒక్కటే: ఏనాడూ ఒక్క చేప పట్టలేదు.

ఆ లోటు కాబోయే వియ్యంకుడు నీలకంఠం కంట పడింది. అతను ట్వంటే కాలవలో కుండల పడవ నడిపే మనిషి. బుల్లియ్య కూతురు సూర్యావతికీ తన కొడుక్కీ తాంబూలాలు మార్చుకున్న రోజున, రేవువాళ్లు ఏనుగునైనా కిందికి దించుతారు గాని నీళ్లలోంచి రొయ్యపిల్లను పైకి తియ్యలేరని పదిమందిలో అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వినవాళ్లలో స్వయానా పెళ్లాం దేముడమ్మ కూడా ఉండడం బుల్లియ్యకు గుచ్చుకుంది. వచ్చే ఆదివారం వియ్యంకుడి విస్తట్లో తాను పట్టిన చేపే పడుతుందనీ, పడకపోతే తన మేస్త్రీ తలపాగా విప్పి ఇస్తాననీ, దాన్ని పడవకు తెరచాపగా కట్టుకోవచ్చనీ అనేశాడు. తలపాగా లేని మేస్త్రీని రేవులో కూలీ అని పిలుస్తారు.

గాలం పట్టుకుని గొంతుక్కూర్చునే ఓపిక అతనికి లేదు. నది అవతల దలా ఒడ్డున జాలర్లు బురదలో వెదురుబద్ద పాతి, దాని కొసను వంచి పక్కనే మేకుకు తగిలించి, గాలపుతాడు కట్టి వదిలేస్తారని విన్నాడు. చేప లాగితే కొస ఊడి బద్ద నిటారుగా లేస్తుంది. కొసన ఉన్న గుడ్డపేలిక చూసి మనిషి పరుగెత్తి తాడు లాగుతాడు. రంగం బజార్లన్నీ గాలించినా అలాంటి బద్ద ఏ కొట్లోనూ లేదు. చివరికి సంపాను పడవ ఎక్కి నది దాటితే, దలా రేవు మెట్ల దగ్గర డా ఆయే ఆయే అనే బర్మా ముసలమ్మ వాటిని చెక్కుతూ కనిపించింది.

బుల్లియ్య బద్దలను కావిడిబద్దల్లా పరీక్షించాడు. మోకాలికి ఆన్చి వంచితే మొదటిది విరిగింది. రెండోదీ విరిగింది. ముసలమ్మ మూడోది అందించింది. అది ఏనుగును మోసేలా ఉంది గాని చేప లాగితే లేచేలా లేదు. ఆఖరికి ఆమే ఎంచి ఒకటి చేతిలో పెడితే, తానే ఏరినట్టు తల ఊపాడు. కొసన కట్టిన మాసిన తెల్లపేలిక మాత్రం అతనికి నచ్చలేదు. మేస్త్రీ సరంజామా దూరానికి కనబడాలి గదా అని దాన్ని పీకేసి ఎర్రగుడ్డ కట్టాడు.

ఆదివారం పొద్దున్నే దలా పాయ ఒడ్డున బద్ద పాతాడు. మధ్యాహ్నం నీలకంఠం పడవ అటే వచ్చి, వాళ్లను ఎక్కించుకుని రంగానికి దాటించాలి. దేముడమ్మ నూరిన మసాలా ముంతతో సహా వచ్చి పక్కన కూర్చుంది.

పోటు నీళ్లు ఎక్కుతుండగా బద్ద టప్పున లేచింది. ఎర్రగుడ్డ రెపరెపలాడింది. బుల్లియ్య రెండు చేతులూ బార్లా చాపి, దేముడమ్మను కూడా నెట్టుకుంటూ గబగబా వెనక్కి నడిచి, తలెత్తి ఆకాశంలోకి చూశాడు. చేప ఎర మింగి తన దారిన పోయింది. మళ్లీ ఎర గుచ్చాడు. మళ్లీ గుడ్డ లేచింది. మళ్లీ వెనక్కే.

"ఏటి అలగ పైకి సూస్తన్నావు?" అంది దేముడమ్మ. "సేప మబ్బుల్లోంచి దిగుతాదేటి?"

బుల్లియ్య తల గోక్కుని సంగతి చెప్పాడు. ఓడ మీద జెండావాడు ఎర్రగుడ్డ ఎత్తితే నెత్తిన బరువు వేలాడుతోందని అర్థం. కిందివాళ్లంతా వెనక్కి తగ్గాలి. తగ్గనివాళ్ల వీపులు వాయగొట్టి నేర్పిందే తను. ఇప్పుడు బుర్ర ముందుకి పొమ్మంటే, కాళ్లు మేస్త్రీ మాటే వింటున్నాయి.

"మరి ఎత్తమనడానికి ఏటి సూపిస్తారు?"

"పచ్చగుడ్డ."

దేముడమ్మ తను కట్టుకున్న ఆకుపచ్చ చీర వంక చూసుకుంది. "రంగెలిసిపోనాదిలే" అంటూ కొంగు అంచు తనే చింపి ఇచ్చింది.

కట్టి ముడి బిగించేసరికి కాలవ మలుపులో నీలకంఠం పడవ కనబడింది. బుల్లియ్య చెయ్యి తలపాగా మీదికి పోయింది. అప్పుడే బద్ద లేచింది. పచ్చగుడ్డ చూడగానే అతని ఒళ్లంతా కూలీల ముఠా అయిపోయింది. "ఐసా!" అని కేక పెట్టి, బాయిలరు లాగినట్టు తాడు లాగాడు. మోచెయ్యంత వాలుగ అతని తల మీదుగా ఎగిరి వెనక పొదలో పడింది. అతను వెల్లకిలా బురదలో పడ్డాడు. తలపాగా మాత్రం తల మీదే ఉంది.

ఆ పూట బుల్లియ్య ఇంట్లో నీలకంఠం రెండు విస్తళ్ల అన్నం తిన్నాడు. దారిలో దేముడమ్మ చెప్పిందంతా పులుసుతో పాటే అరిగించుకున్నాడు. రేవు కబుర్లు మళ్లీ మొదటినుంచీ మొదలవుతుండగా విస్తరి ముందుకు జరిపాడు.

"సెల్లెమ్మా, ఆ పచ్చగుడ్డ ఓపాలి ఊపు," అన్నాడు. "ఇంకో ముక్క నా ఇస్తట్లోకి బావే ఎత్తి ఏస్తాడు."

గరిటె కోసం అప్పటికే బుల్లియ్య చెయ్యి లేచింది.